గొంతు జారిన చోట

నేను ఒక చేతి హార్మోనియాన్ని. గొప్పదాన్నేమీ కాదని ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. మా వంశంలో గొప్పవి కాళ్ళ హార్మోనియాలు. అవి రంగస్థలం పక్కన బల్లంత ఎత్తున నిలబడతాయి. వాయించేవాడు కింద కాళ్ళతో తొక్కుతూ పైన రెండు చేతులా వాయిస్తాడు. చూసేవాళ్ళకి అదో వైభవం. నన్ను నేలమీద పెట్టుకుని, ఒక చేత్తో వెనక తిత్తి ఊపుతూ, మిగిలిన చేత్తో వాయించాలి. అంటే పుట్టుకతోనే నాది ఒంటిచేతి సంగీతం.

తెనాలిలో ఒక వడ్రంగి ఇంటి వసారాలో పుట్టాను. ఒళ్ళంతా టేకు అని చెప్పుకుంటాను గానీ అడుగు చెక్క మామిడి. లోపల పలికే ఇత్తడి నాలుకలు ఎక్కడో గుజరాత్ నుంచి పార్సిల్లో వచ్చాయి. పైస్థాయిలో ఒక మెట్టు మాత్రం పుట్టినప్పటి నుంచీ నా మాట వినదు. ఎవరూ నొక్కకపోయినా, తిత్తిలో కాస్త గాలి మిగిలితే చాలు, సన్నగా ‘పీఁ’ అంటుంది. ఒక సంతాపసభలో అందరూ లేచి మౌనం పాటిస్తుంటే అది పలికింది. పోయినాయన తమ్ముడు ఉలిక్కిపడి పైకప్పు వంక చూసి దండం పెట్టాడు. ఆ దండం నాకు చెందాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నన్ను కొన్నది ఒక చిన్న నాటక సమాజం. కాళ్ళ హార్మోనియం తేగల స్తోమత లేక నాతో సరిపెట్టుకున్నారు. వాయించేది కోటిలింగం గారు. ముక్కుపొడుం పీల్చిన చేత్తోనే నా మెట్లు నొక్కేవారు. అందువల్ల చాలా పద్యాలకు నేను తుమ్మబోయి ఆగిపోయేదాన్ని.

ఆ సమాజంలో రాణి వేషాలన్నీ తిరుపతయ్య గారివి. ఆయన చీర కట్టి తెరచాటు నుంచి రెండడుగులు ముందుకు వేస్తే జనం ఊపిరి బిగబట్టేవారు. చీర విప్పాక కూడా ఆయన నడక అదే. నవ్వు వస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవారు. అదీ వేషం కాదు. మనుషుల సంగతి నాకు అర్థం కాకపోవడం అక్కడే మొదలైంది. దీపాల వెలుగులో ఏ నడకకు చప్పట్లు కొట్టారో, మర్నాడు సోడా కొట్టు దగ్గర అదే నడకను చూసి మోచేతులతో ఒకళ్ళనొకళ్ళు పొడుచుకునేవారు. తిరుపతయ్య గారు సోడా తాగి వెళ్ళిపోయేవారు. కోటిలింగం గారు మాత్రం ఆయన పక్కనే నడిచేవారు, ఎప్పుడూ సోడా కొట్టు వైపున.

వయసు మీద పడ్డాక తిరుపతయ్య గారి గొంతు పైస్థాయిలో జారడం మొదలైంది. పద్యం చివర రాగం లాగుతుండగా అది ఎక్కడ జారబోతోందో కోటిలింగం గారికి ఒక్క క్షణం ముందే తెలిసేది. వెంటనే తిత్తి గట్టిగా ఊపి నన్ను పెద్దగా పలికించేవారు. గొంతు జారిన చోట నేను నిండేదాన్ని. జనానికి రాగం తెగినట్టే తెలిసేది కాదు. “గొంతు జారితే కప్పాలిరా. పాడేవాడి పరువు మన చేతిలో ఉంటుంది” అని ఆయన శిష్యుడికి చెప్పేవారు. ఆ మాట విన్న నాటి నుంచి నాకు కాస్త పొగరెక్కింది. తెలుగు నాటకం పరువంతా నామీదే నిలబడి ఉందని నమ్మాను. మామిడి చెక్క అడుగుమీద అంత బరువు పెట్టుకోకూడదని అప్పుడెవరూ చెప్పలేదు.

సమాజం మూతపడ్డాక నేను ఆ శిష్యుడి ఇంటికి చేరాను. ఆయన విశ్వేశ్వరం గారు, గుంటూరు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేవారు. నెమ్మదైన మనిషి. హార్మోనియం వాయిస్తారని వీధంతా ‘మాస్టారు’ అనేవారు. ఆయన భార్య కనకవల్లి గారు శుక్రవారం శుక్రవారం నన్ను తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టేవారు. ఆ కుంకుమ మెట్ల సందుల్లోకి రాలి నా గొంతు ఇంకాస్త బొంగురుపోయింది. నేనేమీ అనుకోలేదు. నన్ను మనిషిలా చూసినావిడ ఆవిడొక్కతే.

ఆవిడ పోయాక మాస్టారు నన్ను ఆవిడ పాత నేతచీరతో కప్పి మంచం పక్కన పెట్టుకున్నారు. చాలాకాలం తెరవలేదు. అప్పుడు ఆయన్ని కాస్త మనుషుల్లో ఉంచింది వీధి చివర ఇడ్లీ బండి హంసవేణి. ఆయనకు కొబ్బరి పడదని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి, కారప్పొడి మీద నెయ్యి వేసి విడిగా కట్టి పంపేది. హంసవేణి పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు. ఆ పొరపాటు ఆవిడే పెద్దయ్యాక సరిదిద్దుకుంది. వీధిలో కొందరికి ఆవిడ ఇడ్లీ కావాలి గానీ ఆవిడ అక్కర్లేదు. వాళ్ళు పొట్లం అందుకుంటూ కూడా పక్కకు చూస్తారు.

ఒకరోజు హంసవేణి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికే వచ్చేసింది.

“మాస్టారూ, ఆదివారం మా పండగ. పెట్టె పట్టుకుని రావాలి మీరు.”

“ఏం పండగమ్మా?”

“మాదే. మాలాంటోళ్ళందరం కలుసుకునే రోజు. నాటకం ఉంది, పాటలు కట్టడం ఉంది, ఒకళ్ళ మాట ఒకళ్ళు వినడం ఉంది.”

“వినడానికి కూడా పండగేనా?”

“మాకు పండగే మాస్టారూ.”

మాస్టారు లేచారు. నామీది నేతచీర తీసి మడతపెట్టారు.

*

అది ఒక డాన్సు స్కూలు పై అంతస్తు. ఒక గోడ పొడవునా అద్దం. జీవితంలో మొదటిసారి నన్ను నేను నిండుగా చూసుకున్నాను. చూసుకోకుండా ఉండాల్సింది. కాళ్ళ హార్మోనియం కాకపోయినా కనీసం చూపులకు బాగుంటానని ఇన్నాళ్ళూ ఒక భ్రమ ఉండేది.

హాలు నిండా జనం. చీరల్లో ఉన్నవాళ్ళు, చొక్కాల్లో ఉన్నవాళ్ళు, చొక్కామీద మల్లెపూలు పెట్టుకున్నవాళ్ళు. ఒకే గొడుగులో వచ్చిన ఇద్దరు నడివయసు మగవాళ్ళు ఆ గొడుగు ఎక్కడ ఆరబెట్టాలన్న దానిమీద గుసగుసగా పోట్లాడుకుంటుంటే మాస్టారు చూసి, “కాపురం పెట్టి ఎన్నాళ్ళయిందయ్యా?” అని అడిగేశారు.

వాళ్ళు తెల్లబోయారు. “ఎట్టా కనిపెట్టారండీ?”

“నేనూ కాపురం చేసినవాణ్ణే” అన్నారు మాస్టారు. గొడుగు పోట్లాట అక్కడితో ఆగి, ఆయనకు కుర్చీ వచ్చింది.

పొద్దున నాటకం. అద్దెకిల్లు వెతుక్కునే కథ. హంసవేణి ఇంటి ఓనరు వేషం వేసింది. “మీరు ఏమవుతారమ్మా ఒకళ్ళకొకళ్ళు? అక్కచెల్లెళ్ళా? మరి పోలికలు లేవే? మాంసం వండుతారా? మేడమీద బట్టలారేస్తారా? ఏ బట్టలు?” అని ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టి అడుగుతుంటే హాలంతా పొట్టలు పట్టుకుంది. నవ్విన ప్రతివాళ్ళకూ ఆ ప్రశ్నలు బాగా పరిచయం ఉన్నట్టే ఉంది. అందులో నాకూ ఒక పాత్ర ఇచ్చారు. ఓనరు గారి స్కూటర్ హారన్. పద్యనాటకాల పరువు కాపాడిన దాన్ని, రెండుసార్లు ‘పాఁ పాఁ’ అని ఊరుకున్నాను. చప్పట్లు బాగానే వచ్చాయి. నా రాగాలకు ఎప్పుడూ అన్ని రాలేదు.

తర్వాత వినడం. నడిపించేది నస్రీన్ అనే అమ్మాయి, కళ్ళజోడు జుట్టులోకి తోసుకుని నిలబడింది. “ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు మాట్లాడతారు, ఒకరు వింటారు. వినేవాళ్ళు సలహా ఇవ్వద్దు, అయ్యో అనద్దు, ఊఁ కూడా కొట్టద్దు.”

హాల్లో గగ్గోలు పుట్టింది.

“ఊఁ కొట్టకపోతే నిద్రపోయామనుకుంటారు తల్లీ!” అంది హంసవేణి.

“ఊఁ కొడితే త్వరగా ముగించమన్నట్టు ఉంటుందక్కా. కాసేపు ఓర్చుకోండి.”

తలుపు దగ్గర చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక ఒకావిడ నిలబడి ఉంది, చంకలో బ్యాగు గట్టిగా పట్టుకుని. పేరు సుభాషిణి, చేబ్రోలు నుంచి వచ్చింది. జంట దొరకనివాళ్ళు ఆవిడా మాస్టారూ మిగిలారు. ఇద్దరికీ మధ్య నేను.

“మావాడు అదుగో, కిటికీ దగ్గర, గళ్ళచొక్కా” అని ఆవిడ మొదలుపెట్టింది. “సుదర్శనం. నా కడుపున ఆడపిల్లగా పుట్టాడు. పేరు మార్చుకుంటానన్నాడు. మా నాన్న పేరే పెట్టుకుంటానంటే ఇంకేమంటానండీ? జడ తీసేశాడు, సరేనన్నా. మందులు మొదలెట్టాక గడ్డం వచ్చింది, కొబ్బరినూనె రాయమన్నా. మా చుట్టాలొచ్చి ఏదో అంటే కాఫీ ఇచ్చి పంపించేశా. అన్నీ సర్దుకున్నా.”

మాస్టారి నోట్లో ‘ఊఁ’ అంచుదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి, ఎక్కడ పెట్టాలో తెలీని చేతిని నా తిత్తిమీద పెట్టారు. అంతే, నా తలతిక్క మెట్టు ‘పీఁ’ అంది. ఆ సభలో నిషేధం ఉల్లంఘించి ఊఁ కొట్టింది నేనొక్కదాన్నే. ఆవిడ నా వంక ఒకసారి చూసి, పర్లేదన్నట్టు కొనసాగించింది.

“కానీ పాట పోయిందండీ. గొంతు మారుద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. వాడు సంతకం పెడుతుంటే పక్కనే ఉన్నా. వినడం వేరు, ఇంట్లో వినబడకపోవడం వేరు. ఐదున్నర శ్రుతిలో, అంత పైన పాడేది నా పిల్ల. ఇప్పుడు స్నానాలగదిలో కూడా పాడడు. బాధపడతాడేమోనని నేను అడగను. నేను అడగను గనక, అమ్మకి నా కొత్త గొంతు గిట్టలేదని వాడు అనుకుంటన్నాడు. అట్టా ఇద్దరం నోరుమూసుకుని బతుకుతున్నాం.”

సరిగ్గా అప్పుడు ఆవిడ బ్యాగులోంచి ఒక చిన్నపిల్ల జోలపాట పాడటం మొదలుపెట్టింది. ఫోను రింగుటోను. హాలంతా మౌనంగా వింటున్న వేళ ఆ గొంతు చల్లటి నీళ్ళలా పారింది. ఆవిడ కంగారులో ఏదో నొక్కితే ఇంకా పెద్దదైంది.

“అబ్బ, ఎవరండీ పాడింది?” అన్నారెవరో.

కిటికీ దగ్గర గళ్ళచొక్కా లేచి, ఎవరివంకా చూడకుండా మేడమెట్ల మీదికి వెళ్ళిపోయాడు. ఆవిడ నొక్కుళ్ళకి కాల్ కలిసిందేమో, ఫోనులోంచి గ్యాసు బండి అబ్బాయి మాత్రం అరుస్తూనే ఉన్నాడు, “అమ్మా, సిలిండరు తెచ్చాం, తాళం ఏసుందేంది?” అని.

*

పులిహోర, పెరుగన్నం అయ్యాక పాటలు కట్టే పని. నస్రీన్ ఒక్కొక్క గుంపుకీ ఒక్కొక్క మాట ఇచ్చింది. ఇద్దరమ్మాయిలు గ్యాసు కనెక్షన్ ఎవరి పేరున ఉండాలన్న విషయం మీద ప్రాస కుదరక కొట్టుకుంటున్నారు. గొడుగు దంపతులు గొడుగు మీదే రాస్తున్నారు, పొద్దుటి పోట్లాటను పల్లవిగా పెట్టుకుని.

హంసవేణి సుదర్శనాన్ని మేడమెట్ల మీంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది. “తాత పేరు పెట్టుకున్నావు సరే, తాతలాగా అలిగి అన్నం మానేస్తే ఎట్టాగబ్బా? రాయి. ఇంద, పెన్ను.”

“రాస్తానక్కా. పాడటం మాత్రం నా వల్ల కాదు. విన్నావుగా ఫోనులో. ఆ పిల్లతో నేను పోటీ పడలేను.”

“ఎవురు పడమన్నారు నిన్ను?”

అతను రాశాడు. నాలుగే పంక్తులు, కొట్టివేతలు మాత్రం కాగితం నిండా.

*తెలిసిన గుమ్మంలోనే తెలియని గొంతుతో పిలిచాను,*
*ఎవరని అడిగావు, నేనే అన్నాను,*
*లోనికి రానీ, ఇంకా వణుకుతోంది మాట,*
*కూర్చుని వింటే ఇదీ నీ ఇంటి పాట.*

మాస్టారు కాగితం చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది. “బాణీ నేను కడతాను. నువ్వు పాడు బాబూ. వీళ్ళెవరు పాడినా ఇది అబద్ధమైపోతుంది” అన్నారు.

నాటకాల వాళ్ళకో అలవాటు ఉంది. వేషం చూసి శ్రుతి ఇస్తారు. మాస్టారు అతని గడ్డం చూశారు, మగగొంతు కదా అని ఒకటి శ్రుతి మెట్టు నొక్కారు. సుదర్శనం దిగి దిగి, అడుగున గొంతు అందక ఎండిన బావిలో చేద నేలకు తగిలినట్టు ఆగిపోయాడు.

“పోనీ ఇదివరకు పాడే ఐదున్నర?”

అక్కడ అసలు గాలే తప్ప శబ్దం రాలేదు. అతను నవ్వబోయాడు గానీ అదీ సగంలో విరిగింది.

“చెప్పాగా మాస్టారూ. కిందా లేదు, పైనా లేదు.”

“ఆ రెంటికీ మధ్య నా పెట్టెలో బోలెడు మెట్లున్నాయి బాబూ” అన్నారు మాస్టారు. ఒక్కొక్కటే నొక్కుతూ, అతని మొహం చూడటం మానేసి, కళ్ళు మూసుకుని వింటూ వచ్చారు. నేను నా జీవితంలో అంత ఓపిగ్గా ఎప్పుడూ పలకలేదు. మూడు దగ్గర ఒక పూట, రెండున్నర దగ్గర ఒక పూట అన్నట్టు ఆ గొంతు కాసేపు నిలబడింది, మళ్ళీ జారింది. చివరికి మూడు అనుకున్నారు.

సాయంత్రం అందరూ ఎవరి పాటలు వాళ్ళు వినిపించారు. గొడుగు పాటకు హాలు చిందులేసింది. తర్వాత సుదర్శనం వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చొక్కా గుండీ ఒకటి పదేపదే పెట్టుకుంటున్నాడు. సుభాషిణి గారు చిట్టచివరి వరసలో, తలుపు పక్కనే, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోయేదానిలా కూర్చుంది.

మొదటి పంక్తి బాగానే నడిచింది. రెండో పంక్తిలో ‘నేనే’ అన్న చోట బాణీ పైకెక్కుతుంది. అతని గొంతు అక్కడికి ఎక్కుతూ ఎక్కుతూ పగలబోయింది. మాస్టారికి ఒక్క క్షణం ముందే తెలిసింది. ఆయన చెయ్యి ఆలోచించలేదు, పాతికేళ్ళ వయసు నాటి చెయ్యి అది. తిత్తి గట్టిగా ఊగింది. నేను నిండుగా, గంభీరంగా, నా కుంకుమ గొంతంతా విప్పి మోగాను. ఒక్క బీట కనిపించకుండా కప్పేశాను. అద్భుతంగా చేశాననుకున్నాను. అద్దంలోకి కూడా చూసుకున్నాను.

సుదర్శనం ఆగిపోయాడు.

“మాస్టారూ, మీరు నన్ను దాచేస్తున్నారు.”

మాస్టారి మొహంలో రంగు మారింది. “అలవాటు బాబూ. గొంతు జారితే కప్పడం మాకు నేర్పిన మర్యాద. నీకు చిన్నతనం కాకూడదని...”

“తెలుసండీ. మీరు మంచికే చేశారు.” అతను చివరి వరస వంక చూశాడు. “కానీ ఇప్పుడు నాకున్నది ఈ జారే గొంతే. కప్పేస్తే అమ్మ వినేది మీ పెట్టెను. నన్ను కాదు.”

మీలో ఎవరికైనా నిండు సభలో ‘కొంచెం తప్పుకుంటారా’ అని చెప్పించుకున్న అనుభవం ఉంటే నా పరిస్థితి తెలుస్తుంది. ఇన్నేళ్ళూ పరువు కాపాడాను, పరువు కాపాడాను అని ఊరేగిన దాన్ని, అడ్డంగా నిలబడిన బీరువాలా అయిపోయాను. తిరుపతయ్య గారు కూడా ఎప్పుడైనా తన జారే గొంతునే వినిపించాలనుకున్నారేమో. అడగాలని మాకెవరికీ తట్టలేదు.

మాస్టారు తల ఊపి, తిత్తిని నెమ్మదిగా మూసి, మెట్లమీంచి చెయ్యి తీసేశారు. నాకు ఒకటే భయం, ఆ తలతిక్క మెట్టు. లోపల ఇంకా కాస్త గాలి ఉంది. బతిమాలుకున్నాను దాన్ని. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అది నా మాట వింది.

అతను మళ్ళీ మొదటినుంచీ పాడాడు, తోడు ఏమీ లేకుండా. ‘నేనే’ దగ్గర గొంతు పగిలింది. అందరికీ వినపడేలా పగిలింది. అతను అక్కడ ఆగలేదు, ఆ పగులులోంచే ‘అన్నాను’ను పట్టుకుని కిందికి దిగాడు. మూడో పంక్తిలో వణికాడు. నాలుగోది దాదాపు మాటలాగే చెప్పాడు. నా కచేరీలన్నిట్లోకీ గొప్పది అదే. అందులో నేను ఒక్క స్వరం కూడా వాయించలేదు.

ఎవరైనా చప్పట్లు కొట్టడం గుర్తు తెచ్చుకునేలోగా హంసవేణి లేచి, వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసి, “వన్స్ మోర్!” అని అరిచింది.

“చంపుతావా అక్కా? ఇంకోసారైతే గొంతే ఊడొస్తుంది” అన్నాడు సుదర్శనం. హాలంతా నవ్వు, ఆ నవ్వులోనే చప్పట్లు, కొన్ని ముక్కు చీదుళ్ళు.

ఆ సందడిలో సుభాషిణి గారు చివరి వరస నుంచి నడిచి వచ్చింది. కొడుకును కావలించుకుంటుందని అందరూ దారి ఇచ్చారు. ఆవిడ కొడుకు దగ్గర ఆగలేదు. నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చి, నా ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

“మాస్టారూ, వీడి శ్రుతి ఎంతండీ ఇప్పుడు?”

మాస్టారు నా మెట్ల వంక చూశారు.

“ఇంట్లో శ్రుతిపెట్టె ఐదున్నరలోనే ఉందండీ. మార్చి పెట్టుకోవాలి కదా. ఎంతలో పెట్టమంటారు?” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, పాలు ఎన్ని పొంగులు రానివ్వాలని అడిగినట్టు. సుదర్శనం మాత్రం గోడవైపు తిరిగిపోయాడు. అక్కడ ఉన్నది అద్దం గనక ప్రయోజనం లేకపోయింది, అందరికీ కనిపించాడు.

“ఇంకా కుదురుకోలేదమ్మా” అన్నారు మాస్టారు. “ఇవాళ మూడు, రేపు రెండున్నర కావచ్చు. ఒకచోట పెట్టేసి అక్కడికే రమ్మంటే రాదు. రోజూ పొద్దున కూర్చోబెట్టండి. ఎటు పోతే అటు వెళ్ళాలి.” ఆయన నన్ను ముందుకు తోశారు. “శ్రుతిపెట్టెతో కాదు. దీన్ని తీసుకెళ్ళండి.”

“అయ్యో, మీకు?”

“నేను మాత్రం ఇంట్లో ఒక్కణ్ణే వాయించుకుని ఏం చేసుకోను? నెలకోసారి నేనే వస్తాను చూట్టానికి. దీన్నీ, వాణ్ణీ.”

*

అలా నేను చేబ్రోలు చేరాను, ఆటోలో సుభాషిణి గారి ఒళ్ళో. దారి గతుకుల్లో నా తలతిక్క మెట్టు ఆపకుండా పీఁ పీఁ మంటుంటే ఆటో డ్రైవరు రెండుసార్లు పక్కకు తప్పుకుని దారిచ్చాడు, వెనక ఏదో బండి వస్తోందని.

ఇక్కడ నా ఉద్యోగం చాలా చిన్నది. పొద్దున సుదర్శనం కూర్చుంటాడు, ఒక మెట్టు నొక్కుతాడు, అక్కడ గొంతు నిలబడుతుందేమో చూస్తాడు. నిలబడకపోతే ఇంకో మెట్టు. మధ్యలో విరిగితే తిత్తి వదిలేసి, విరిగిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకుంటాడు. రాగాలు లేవు, సభలు లేవు. నా స్థాయికి ఇది తక్కువ పనని చెప్పాలనే ఉంది గానీ, నా స్థాయి ఏమిటో అద్దంలో చూసుకున్నాను కదా.

ఇవాళ రెండున్నర మీద నాలుగు పంక్తులూ పాడాడు. ఒకచోట జారాడు, ఆగలేదు. వంటింట్లో పెసరట్టుకు పప్పు రుబ్బుతున్న మిక్సీ ఆగింది. నేనూ గొంతున్నదాన్నే గనక శబ్దాలు నాకు తెలుస్తాయి. పప్పు ఇంకా నలగలేదు.